ఒలింపియా నుంచి లాస్ ఏంజెలెస్ దాకా: అంతర్జాతీయ క్రీడా పోటీల చరిత్రపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒలింపిక్స్ దగ్గర పడితే చాలు, ఇంట్లో పిల్లలు మొదలుకొని ఆఫీసులో తోటివాళ్ల దాకా అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే ఉంటాయి. వాటికి జవాబులు ఒక్కచోట పెడదామని ఈ ప్రయత్నం. ఎవరు ఎన్ని పతకాలు గెలిచారన్న లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి. ఎవరిని బరిలోకి రానిచ్చారు, ఎవరిని గేటు దగ్గరే ఆపేశారు, ఆగిపోయినవాళ్లు లోపలికి ఎలా రాగలిగారు అన్నది నాకు అంతకంటే ముఖ్యంగా తోస్తుంది. అందుకే కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి.

ఒలింపిక్స్ ఎప్పుడు, ఎక్కడ మొదలయ్యాయి?

గ్రీసుకు పడమటి వైపున్న ఒలింపియాలో. దేవతల నివాసమని గ్రీకులు నమ్మిన ఒలింపస్ కొండా ఇదీ ఒకటి కావు. ఆ కొండ ఉత్తరాన చాలా దూరంలో ఉంటుంది. ఒలింపియా జ్యూస్ దేవుడి పుణ్యక్షేత్రం. అక్కడ నాలుగేళ్లకోసారి జరిగే జాతరలో భాగంగా పోటీలు జరిగేవి.

పేరు నమోదైన మొదటి విజేత క్రీ.పూ. 776 నాటివాడు. ఎలిస్ ఊరికి చెందిన వంటవాడు, కొరోయిబస్ అతని పేరు. గెలిచింది సుమారు 192 మీటర్ల పరుగు. గ్రీకులు రాసిపెట్టుకున్న లెక్క ప్రకారం మొదటి యాభై ఏళ్లూ అక్కడ జరిగింది ఆ ఒక్క పందెమే.

ఆటలు అంతకంటే చాలా పాతవి. ఈజిప్టులోని బెనీ హసన్ సమాధుల గోడల మీద దాదాపు 4,000 ఏళ్ల కిందటి కుస్తీ బొమ్మలు ఉన్నాయి. పట్టు మీద పట్టు, వరుసగా గీశారు. కాకపోతే వేర్వేరు రాజ్యాలవాళ్లు ఒకచోట చేరి, తేదీ తప్పకుండా, వందల ఏళ్ల పాటు పోటీ పడిన పద్ధతి మాత్రం గ్రీకులదే.

అందరూ గ్రీకులే కదా, మరి వాటిని అంతర్జాతీయ పోటీలు అనొచ్చా?

అనొచ్చు. అప్పుడు గ్రీసు అనే ఒకే దేశం లేదు. ఏథెన్స్, స్పార్టా, కొరింత్ వంటివి ఎవరి సైన్యం, ఎవరి చట్టం వాళ్లకున్న వేర్వేరు రాజ్యాలు. సిసిలీ నుంచి నల్లసముద్రం తీరం దాకా ఉన్న గ్రీకు వలస పట్టణాల నుంచి కూడా ఆటగాళ్లు వచ్చేవారు. డెల్ఫీలో పైథియన్ క్రీడలు, కొరింత్ దగ్గర ఇస్త్మియన్ క్రీడలు, నెమియా క్రీడలు కూడా ఉండేవి. నాలుగూ గెలిచినవాడికి ఇక తిరుగులేదు.

ఒలింపిక్స్ కోసం యుద్ధాలన్నీ ఆగిపోయేవని చాలాచోట్ల రాస్తుంటారు. అది నిజం కాదు. క్రీడలకు వచ్చిపోయేవాళ్ల జోలికి ఎవరూ పోకూడదు, ఒలింపియా మీద దాడి చేయకూడదు, ఒప్పందం అంతవరకే. దాన్ని ఉల్లంఘించిందని క్రీ.పూ. 420లో స్పార్టానే బహిష్కరించారు. అప్పుడు లికాస్ అనే స్పార్టా సంపన్నుడు తన రథాన్ని వేరే రాజ్యం పేరు మీద దింపాడు. ఆ రథమే గెలిచింది. ఆనందం పట్టలేక బరిలోకి దిగి తన సారథి తలకు పట్టీ కట్టాడు. రథం ఎవరిదో బయటపడిపోయింది. అంత పెద్దమనిషినీ న్యాయనిర్ణేతలు జనం ముందే కొరడాలతో కొట్టించారు.

ఏయే ఆటలు ఉండేవి? బహుమతి ఏమిటి?

పరుగు పందేలు, కుస్తీ, ముష్టియుద్ధం, రథాల పందెం, గుర్రప్పందెం, ఆయుధాలతో పరుగు. పెంటాథ్లాన్‌లో డిస్కస్, ఈటె, లాంగ్ జంప్, పరుగు, కుస్తీ కలిసి ఉండేవి. అన్నిటికంటే భయంకరమైనది పాంక్రేషన్. అందులో కొరకడం, కళ్లలో పొడవడం తప్ప దాదాపు ఏదైనా చెయ్యొచ్చు. రథాలు, గుర్రాలు తోలేవాళ్లు తప్ప మిగతా అందరూ ఒంటి మీద నూలుపోగు లేకుండానే పోటీ పడేవారు.

మొదటి స్థానం ఒక్కటే ఉండేది. రెండో స్థానానికి ఏమీ లేదు. విజేతకు అడవి ఆలివ్ కొమ్మతో అల్లిన కిరీటం ఇచ్చేవారు, అంతే. అసలు సంపాదన సొంత ఊళ్లో. ఏథెన్స్ తన ఒలింపిక్ విజేతలకు ప్రభుత్వ ఖర్చుతో జీవితాంతం భోజనం పెట్టేది, డబ్బూ ఇచ్చేది. కాబట్టి పాతకాలం ఆటగాళ్లు డబ్బు ముట్టుకోలేదన్న మాట 19వ శతాబ్దంలో పుట్టిన కట్టుకథ.

రోడ్స్ దీవికి చెందిన లియోనిడస్ వరుసగా నాలుగు ఒలింపిక్స్‌లో, ఒక్కోదాంట్లో మూడేసి పరుగు పందేలు గెలిచాడు. మొత్తం 12 వ్యక్తిగత విజయాలు. ఈ రికార్డును దాటింది 2016లో, ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్. రెండు వేల ఏళ్లకు పైగా నిలిచిన రికార్డు అది!

ఆడవాళ్లను రానిచ్చేవారా?

ఆడటం సంగతి అటుంచి, పెళ్లయిన ఆడవాళ్లను చూడటానికి కూడా రానిచ్చేవారు కాదు. డిమీటర్ దేవత పూజారిణికి మాత్రమే మినహాయింపు. దొరికితే కొండ మీంచి తోసేయాలని శాసనం ఉండేదని గ్రీకు యాత్రికుడు పాసేనియస్ రాశాడు. ఆడపిల్లలకు వేరేగా హెరా దేవత పేరిట పరుగు పందేలు ఉండేవి, అవి పెళ్లికాని అమ్మాయిలకు మాత్రమే. బానిసలకూ బరిలో చోటు లేదు.

అయినా ఒకామె గెలిచింది. స్పార్టా రాజకుమారి కినిస్కా. రథాల పందెంలో కిరీటం తోలినవాడికి కాక గుర్రాల యజమానికి దక్కేది. ఆమె గుర్రాలను పెంచి పంపి క్రీ.పూ. 396లో, మళ్లీ 392లో గెలిచింది. ఆమె విగ్రహం నిలబెట్టిన రాతి పీఠం ముక్క ఒలింపియాలో దొరికింది. గ్రీసు మొత్తంలో ఈ కిరీటం అందుకున్న ఏకైక స్త్రీని నేనే అని దాని మీద చెక్కించుకుంది. పందెం చూడటానికి ఆమెను లోపలికి రానిచ్చి ఉండరన్నది తలుచుకుంటే ఆ అక్షరాల బరువు తెలుస్తుంది.

అప్పట్లో కూడా మోసాలు జరిగేవా?

జరిగేవి, శిక్షలూ ఉండేవి. క్రీ.పూ. 388లో థెస్సలీకి చెందిన యూపోలస్ అనే ముష్టియోధుడు ముగ్గురు ప్రత్యర్థులకు లంచమిచ్చి దొరికిపోయాడు. నలుగురికీ జరిమానా పడింది. ఆ డబ్బుతో జ్యూస్ కంచు విగ్రహాలు చేయించి, స్టేడియంలోకి వెళ్లే దారి పక్కనే పెట్టారు. తర్వాత దొరికినవాళ్ల సొమ్ముతో ఇంకొన్ని చేరాయి. పోటీకి వెళ్లే ప్రతి ఆటగాడూ మోసగాళ్ల జరిమానాతో చేసిన ఆ విగ్రహాల ముందు నుంచే నడవాలి. కంచు విగ్రహాలు పోయాయి గానీ పీఠాలు ఇప్పటికీ వరుసగా ఉన్నాయి.

రోమన్ చక్రవర్తి నీరోను మాత్రం ఎవరూ శిక్షించలేకపోయారు. క్రీ.శ. 67లో పది గుర్రాల రథం ఎక్కి, మధ్యలో కింద పడి, పందెం పూర్తి చేయకుండానే విజేతగా ప్రకటించుకున్నాడు.

పురాతన ఒలింపిక్స్ ఎందుకు ఆగిపోయాయి?

రోమన్ సామ్రాజ్యం క్రైస్తవాన్ని స్వీకరించాక పాత దేవతల ఉత్సవాలకు కాలం చెల్లింది. మొదటి థియోడోసియస్ చక్రవర్తి నిషేధాలతో క్రీ.శ. 393 ప్రాంతంలో ఆగాయని సాధారణంగా చెబుతారు. తర్వాత భూకంపాలు, వరదలు ఒలింపియాను మట్టిలో కప్పేశాయి.

మళ్లీ ఎవరు మొదలుపెట్టారు?

ఫ్రాన్స్‌కు చెందిన పియర్ ద కూబర్తాన్ పేరు అందరికీ తెలుసు. కానీ ఆయన కంటే ముందే ఇంగ్లండ్‌లోని మచ్ వెన్‌లాక్ అనే చిన్న ఊళ్లో విలియం పెన్నీ బ్రూక్స్ అనే డాక్టరు 1850 నుంచి ఒలింపిక్ పేరుతో క్రీడలు జరిపిస్తున్నాడు. ఏథెన్స్‌లో ఎవాంజెలిస్ జప్పాస్ ఇచ్చిన డబ్బుతో 1859లో ఒకసారి, ఆయన పోయాక మరికొన్నిసార్లు క్రీడలు జరిగాయి. కూబర్తాన్ బ్రూక్స్ దగ్గరికి వెళ్లి చూసొచ్చాడు కూడా. కూబర్తాన్ గొప్పదనమంతా దీన్ని దేశాల మధ్య ఒప్పందంగా మార్చడంలో ఉంది. 1894 జూన్ 23న పారిస్‌లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఏర్పడింది. మొదటి అధ్యక్షుడు గ్రీసుకు చెందిన దిమిత్రియోస్ వికెలాస్.

1896 ఏప్రిల్‌లో ఏథెన్స్‌లో తొలి ఆధునిక ఒలింపిక్స్ జరిగాయి. ఆడవాళ్లు ఒక్కరూ లేరు. విజేతలకు ఇచ్చింది వెండి పతకం. స్వర్ణం, రజతం, కాంస్యం అనే పద్ధతి 1904 సెయింట్ లూయీలో వచ్చింది.

మారథాన్, ఒలింపిక్ జ్యోతి పురాతనమైనవేనా?

రెండూ కావు. మారథాన్ 1896లో పుట్టింది. దాన్ని గెలిచిన స్పిరిడాన్ లూయిస్ నీళ్లు మోసుకుని బతికేవాడు. అప్పుడు దూరం సుమారు 40 కిలోమీటర్లు. 42.195 అనే విచిత్రమైన లెక్క 1908 లండన్ నుంచి వచ్చింది. విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు ముందు ముగించాలని దారి గీస్తే అంత తేలింది. 1921లో అదే ఖాయం చేశారు.

ఆ 1908 పరుగులోనే ఇటలీకి చెందిన డొరాండో పియెత్రీ అందరికంటే ముందు స్టేడియంలోకి వచ్చాడు. ఎండకు ఒళ్లు తూలిపోయి తప్పుదారి పట్టాడు. పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. చివరికి అధికారులే చెయ్యందించి గీత దాటించారు. ఆ సాయం వల్లే అనర్హుడయ్యాడు. మరుసటి రోజు అలెగ్జాండ్రా రాణి అతనికి ప్రత్యేకంగా ఒక కప్పు ఇచ్చింది.

ఇక జ్యోతి సంగతి. స్టేడియంలో మంట వెలిగించడం 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైంది. ఒలింపియా నుంచి చేతులు మారుతూ పరుగున తేవడం మాత్రం 1936 బెర్లిన్‌లో, నాజీల ఏలుబడిలో మొదలైంది.

ఆధునిక ఒలింపిక్స్‌లోకి మహిళలు ఎప్పుడు వచ్చారు?

1900 పారిస్‌లో, టెన్నిస్, గోల్ఫ్ వంటి కొన్ని ఆటల్లో. టెన్నిస్ గెలిచిన షార్లెట్ కూపర్ వ్యక్తిగత పోటీలో తొలి మహిళా విజేత. కానీ పరుగు పందేల గేటు తెరవలేదు. కూబర్తాన్‌కే మహిళలు పోటీ పడటం ఇష్టం లేదు.

గేటు బద్దలుకొట్టిన మనిషి ఆలీస్ మిలియా. ఈ ఫ్రెంచ్ మహిళ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలని నా కోరిక. ఒలింపిక్స్‌లో చోటివ్వకపోతే మేమే జరుపుకుంటామని 1922లో పారిస్‌లో మహిళల ఒలింపిక్స్ పెట్టేసింది. ఒలింపిక్ అనే పేరు వాడొద్దని కమిటీ పట్టుబడితే, ఆ మాట వదులుకుని బదులుగా అథ్లెటిక్స్‌లో మహిళలకు చోటు అడిగింది. అలా 1928లో ఐదు అంశాలు దక్కాయి.

అందులో ఒకటి 800 మీటర్ల పరుగు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే గెలిచింది. పరుగు అయ్యాక కొందరు అలసి గడ్డి మీద కూలబడ్డారు. ఏ పరుగులోనైనా జరిగేదే. పత్రికలు మాత్రం ఆడవాళ్లు కుప్పకూలిపోయారంటూ గగ్గోలు పెట్టాయి. ఆ అంశాన్నే తీసేశారు. మళ్లీ 1960 దాకా మహిళలకు 200 మీటర్లకు మించిన పరుగు లేదు. మహిళల మారథాన్ 1984లో గానీ రాలేదు. అదే 1984లో మహిళల 400 మీటర్ల హర్డిల్స్ కూడా మొదటిసారి పెట్టారు. మన పి.టి. ఉషకు సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం తప్పిపోయింది ఆ పరుగులోనే. మొరాకోకు చెందిన నవాల్ ఎల్ ముతవకీల్ స్వర్ణం గెలిచింది.

2024 పారిస్‌లో స్త్రీలకూ పురుషులకూ సమానంగా చోట్లు కేటాయించారు. 2025లో జింబాబ్వేకి చెందిన ఈతగత్తె కర్స్టీ కవెంట్రీ ఒలింపిక్ కమిటీకి తొలి మహిళా అధ్యక్షురాలైంది.

ఒకప్పుడు డబ్బు తీసుకునే ఆటగాళ్లను ఎందుకు నిషేధించారు?

చెప్పేవాళ్లు ఆట పవిత్రత అని చెప్పారు. లోపలున్నది వేరే. 19వ శతాబ్దం ఇంగ్లండ్‌లో హెన్లీ పడవ పందేల నిబంధనల్లో చేతివృత్తులవాళ్లు, కూలీలు అమెచ్యూర్లు (డబ్బు కోసం కాక ఇష్టం కొద్దీ ఆడేవాళ్లు) కారని నేరుగానే రాశారు. అంటే కూలి చేసుకుని బతికేవాడు బరిలోకి రాకూడదు. ఆ ఆలోచనే మర్యాదస్తుల భాషలో ఒలింపిక్స్‌లోకి వచ్చింది.

దానికి బలైనవాడు జిమ్ థోర్ప్. అమెరికా ఆదివాసీ. 1912 స్టాక్‌హోమ్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచాడు. అంతకుముందు చిన్న లీగుల్లో కొద్దిపాటి జీతానికి బేస్‌బాల్ ఆడాడని 1913లో పతకాలు లాక్కున్నారు. 1953లో చనిపోయాడు. 1983లో కుటుంబానికి నకలు పతకాలు ఇచ్చారు గానీ, అతనొక్కడే విజేత అని రికార్డుల్లో తిరిగి రాయడానికి 2022 దాకా పట్టింది. 110 ఏళ్లు! ఈలోగా 1980ల్లో అమెచ్యూర్ నిబంధనే పోయింది. 1992లో అమెరికా బాస్కెట్‌బాల్ కోటీశ్వరులు బార్సిలోనాలో ఆడారు.

క్రీడల్లోకి రాజకీయాలు ఎప్పుడు వచ్చాయి?

అవి లేని కాలమే లేదు, లికాస్ కథ పైన చూశారు కదా. ఆధునిక కాలంలో 1916, 1940, 1944 ఒలింపిక్స్ యుద్ధాల వల్ల రద్దయ్యాయి. 1936 బెర్లిన్‌లో నల్లజాతి అథ్లెట్ జెస్సీ ఓవెన్స్ హిట్లర్ కళ్లముందే నాలుగు స్వర్ణాలు గెలిచాడు. 1960 రోమ్‌లో ఇథియోపియా సైనికుడు అబేబే బికీలా చెప్పుల్లేకుండా మారథాన్ గెలిచాడు. ముస్సోలినీ సైన్యం తన దేశం నుంచి ఎత్తుకొచ్చిన అక్సుమ్ రాతిస్తంభం పక్క నుంచే పరిగెత్తాడు.

1968 మెక్సికోలో టామీ స్మిత్, జాన్ కార్లోస్ పోడియం మీద నల్ల గ్లౌజు తొడిగిన పిడికిళ్లు ఎత్తారు. వాళ్లను జట్టు నుంచి పంపేశారు. 1972 మ్యూనిక్‌లో ఉగ్రవాదులు 11 మంది ఇజ్రాయెల్ జట్టు సభ్యులను చంపేశారు. వర్ణవివక్ష వల్ల దక్షిణాఫ్రికాను 1964 నుంచి 1992 దాకా ఒలింపిక్స్‌కు దూరంగా పెట్టారు. 1980లో అమెరికా కూటమి మాస్కోను, 1984లో సోవియట్ కూటమి లాస్ ఏంజెలెస్‌ను బహిష్కరించాయి. నాలుగేళ్లు ఒళ్లు హూనం చేసుకున్న ఆటగాళ్లకు రెండుసార్లూ అన్యాయమే జరిగింది.

భారత్ ఎప్పటి నుంచి పాల్గొంటోంది?

1900లో కలకత్తాలో పుట్టిన నార్మన్ ప్రిచర్డ్ రెండు రజతాలు గెలిచాడు. జట్టుగా వెళ్లింది 1920లో, దొరాబ్జీ టాటా చొరవతో. 1928 నుంచి 1956 దాకా హాకీలో వరుసగా ఆరు స్వర్ణాలు. 1936లో ధ్యాన్‌చంద్ జట్టు జర్మనీని 8-1తో ఓడించిన రోజు ఆగస్టు 15. అప్పుడు మైదానంలో ఎగిరింది మన జెండా కాదు. 1948లో లండన్‌లో బ్రిటన్‌నే 4-0తో ఓడించినప్పుడు మాత్రం మువ్వన్నెల జెండా ఎగిరింది. వ్యక్తిగత స్వర్ణం కోసం 2008లో అభినవ్ బింద్రా వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

తెలుగు నేల నుంచి ఎవరెవరు?

ముందుగా కరణం మల్లీశ్వరి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర వూసవానిపేట. మహిళల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 2000 సిడ్నీలో. ఆ తొలి అవకాశంలోనే 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. చివరి ప్రయత్నంలో స్వర్ణం కోసం 137.5 పెట్టించుకుంది. అది నిలవలేదు. మొదటి రెండు స్థానాల వాళ్లకూ ఆమెకూ తేడా రెండున్నర కిలోలే. కాంస్యంతో ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ అయింది.

తర్వాత 2012 లండన్‌లో హైదరాబాద్ నుంచి గగన్ నారంగ్, సైనా నెహ్వాల్ కాంస్యాలు తెచ్చారు. పి.వి. సింధు 2016లో రజతం, టోక్యోలో కాంస్యం గెలిచింది.

మనం మరిచిపోతున్న పేరు ఒకటుంది: సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్దిన కోచ్. 1956 మెల్‌బోర్న్‌లో ఆయన శిక్షణలో భారత్ సెమీఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో తులసీదాస్ బలరాం సహా హైదరాబాద్ కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో, క్యాన్సర్ తినేస్తున్నా, జట్టుకు స్వర్ణం తెప్పించాడు. మరుసటి ఏడాది కన్నుమూశాడు.

ఒలింపిక్స్ కాక ఇంకే పెద్ద పోటీలు ఉన్నాయి?

కామన్వెల్త్ క్రీడలు 1930లో కెనడాలోని హామిల్టన్‌లో, బ్రిటిష్ సామ్రాజ్య క్రీడలన్న పేరుతో మొదలయ్యాయి. ఆసియా క్రీడలు 1951లో ఢిల్లీలో పుట్టాయి. అప్పుడప్పుడే స్వతంత్రమైన దేశాలు తమకంటూ ఒక వేదిక కావాలనుకున్నాయి. అథ్లెటిక్స్‌కు విడిగా ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1983లో హెల్సింకీలో మొదలైంది. హైదరాబాద్ కూడా రెండు పెద్ద పోటీలు చూసింది: 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు, 2007లో సైనికుల ప్రపంచ క్రీడలు. ఆఫ్రో-ఏషియన్ క్రీడలకు గచ్చిబౌలి స్టేడియం ఒక వేదిక. ఆ క్రీడలు మళ్లీ ఎక్కడా జరగలేదు.

పారాలింపిక్స్ ఎలా పుట్టాయి?

ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండివిల్ ఆసుపత్రిలో. నాజీల నుంచి తప్పించుకుని వచ్చిన యూదు డాక్టరు లుడ్విగ్ గట్‌మన్ అక్కడ వెన్నెముక దెబ్బతిన్న సైనికులకు వైద్యం చేసేవాడు. అప్పట్లో అలాంటివాళ్లు ఎక్కువ కాలం బతకరని మంచానికే వదిలేసేవారు. ఆయన వాళ్లకు బాణాలు, బంతులు ఇచ్చాడు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజే, వీల్‌చెయిర్లలో ఉన్న 16 మందితో విలువిద్య పోటీ పెట్టాడు. 1960లో రోమ్‌లో తొలి పారాలింపిక్స్ జరిగాయి.

2024 పారిస్ పారాలింపిక్స్‌లో భారత్ 29 పతకాలు గెలిచింది. అందులో ఒకటి వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజిది, టీ20 విభాగం (మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్లది) 400 మీటర్లలో కాంస్యం.

డోపింగ్ ఎప్పటి నుంచి ఉంది?

1904 మారథాన్ విజేత థామస్ హిక్స్‌కు దారిలోనే బ్రాందీతో కలిపి స్ట్రిక్నిన్ అనే విషాన్ని కొద్దికొద్దిగా ఇచ్చారు. అప్పుడది తప్పు కూడా కాదు. ఒలింపిక్స్‌లో పరీక్షలు 1968లో మొదలయ్యాయి. 1988 సియోల్‌లో బెన్ జాన్సన్ 100 మీటర్లు 9.79 సెకన్లలో గెలిచి, మూడు రోజులకే పతకం పోగొట్టుకున్నాడు. 1999లో ప్రపంచ యాంటీ డోపింగ్ ఏజెన్సీ ఏర్పడింది.

2028 లాస్ ఏంజెలెస్‌లో కొత్తగా ఏముంది?

క్రికెట్ తిరిగొస్తోంది. 1900లో బ్రిటన్, ఫ్రాన్స్ ఆడిన ఒకే ఒక్క మ్యాచ్ తర్వాత ఇదే మొదటిసారి. ఈసారి టీ20 పద్ధతిలో, పురుషులకూ మహిళలకూ ఆరేసి జట్లు. మహిళల కోటా మొదటిసారి పురుషుల కంటే కాస్త ఎక్కువగా పెట్టారు.

మనవాళ్లు గమనించాల్సిన మార్పు ఆర్చరీలో ఉంది. ఇన్నాళ్లూ ఒలింపిక్స్‌లో కొసలు వంపు తిరిగి ఉండే రికర్వ్ విల్లుకే చోటు. కప్పీలతో ఉండే కాంపౌండ్ విల్లు పట్టినవాళ్లు ప్రపంచ పోటీలెన్ని గెలిచినా ఒలింపిక్స్ మెట్టు ఎక్కలేకపోయారు. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్‌లోనే. లాస్ ఏంజెలెస్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ అంశాన్ని చేర్చారు. ఒకే ఒక్క అంశం, జట్టుకు ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. ఈ విల్లు పట్టినవాళ్లు ఒలింపిక్ పతకం కోసం బాణం వేయడం అదే మొదటిసారి అవుతుంది.